నవబ్రహ్మల ఊళ్లో... 'తొండి' లేని ఆట!

ఇక్కడ బ్రహ్మలు తొమ్మిదిమంది. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, తారకబ్రహ్మ, గరుడబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ. కొత్తగా వచ్చినవాళ్లు తొమ్మిది గుళ్లూ తిరిగి 'ఇంతకీ బ్రహ్మ ఎక్కడ?' అని అడుగుతారు. ఇవన్నీ శివాలయాలే మరి! బ్రహ్మదేవుడు శివుడి కోసం తపస్సు చేసిన చోటు కాబట్టి ఆ పేర్లు వచ్చాయంటుంది స్థలపురాణం.

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే జాతీయ రహదారిలో ఆలంపూర్ చౌరస్తా దగ్గర పక్కకి తిరిగితే, పత్తి చేల మధ్యనుంచి రోడ్డు నేరుగా తుంగభద్ర ఒడ్డుకి తీసుకెళుతుంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా. 2016 నుంచి ఇక్కడి అమ్మవారి పేరుతోనే జోగులాంబ గద్వాల జిల్లా. అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదోదిగా చెప్పే జోగులాంబకి 2005లో కొత్త ఆలయం కట్టారు. నవబ్రహ్మ ఆలయాలు మాత్రం బాదామి చాళుక్యుల నాటివి. దక్షిణాదిలో అరుదుగా కనిపించే నాగర శైలి శిఖరాలు ఎర్రరాతిలో నిటారుగా లేచి, సాయంత్రపుటెండలో మరింత ఎర్రబడతాయి.

రాయి రాయికీ లెక్క!

ఊళ్లో చూడాల్సిన మరో గుడి సంగమేశ్వరాలయం. నిజానికి అది ఈ ఊరిది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని రాయి రాయినీ విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ పేర్చారు. ఏ రాయి ఎక్కడిదో గుర్తుపెట్టుకుంటే తప్ప కుదిరే పనికాదది. లోపలి వరసలో ఒక రాయి అటూఇటూ అయినా చూసేవాడెవడు? అయినా ఎక్కడిది అక్కడే పెట్టాలి. ఎవరూ చూడనిచోట కూడా సరిగ్గా చేసిన పనిమీదే గుడి నిలబడుతుంది మరి.

'సారు చూడలేదు గదరా!'

గుళ్లు చూసి బయటికొస్తే పిల్లల కేకలు వినిపిస్తాయి. బడి వదిలాక పాలమూరు పల్లెల్లో ఎక్కడ ఖాళీ జాగా ఉన్నా అది మైదానమే. పుల్లతో గీసిన గీతలు, అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. కబడ్డీ! ఒకడు కూతకి వెళ్లాడు. నలుగురి మధ్యలోంచి జారి, మధ్యగీత దాటి వచ్చేశాడు. ఎవరికైనా తాకాడా లేదా? ఈలపట్టుకుని నిలబడ్డ సారుకి దుమ్ములో సరిగ్గా కనిపించలేదు. అంతలో అవతలి జట్టులోంచి బక్కపల్చటి కుర్రాడొకడు 'నాకు తాకింది సార్' అంటూ చెయ్యెత్తి బయటికి నడిచాడు.

అతని జట్టువాళ్ల మొహాలు చూడాలి! 'సారు చూడలేదు గదరా... నువ్వెందుకు చెప్పినవ్?' అని ఒకడు పళ్లు కొరికాడు. మిగతావాళ్లు ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద శిక్ష. రేపు జట్లు ఎంచుకునేటప్పుడు ఆఖరికి మిగిలేది ఎవరో ఆ పిల్లాడికి అప్పుడే తెలిసిపోయి ఉంటుంది.

కబడ్డీలో ఉన్న చిత్రమే అది. తాకిందో లేదో ముందుగా తెలిసేది అంపైరుకి కాదు, తాకించుకున్నవాడి చర్మానికి. 2014లో మొదలైన ప్రో కబడ్డీలో అయితే అనుమానం వస్తే కెమెరాల్లో మళ్లీ చూసుకునే వీలుంది. పల్లెలో కెమెరా ఏదీ? ఆ కుర్రాడి నోరే కెమెరా.

తొండి... ఎంత మంచి మాట!

ఆటలో మోసానికి తెలుగులో ప్రత్యేకంగా ఓ మాటే ఉంది. తొండి! గోటీలైనా, చిర్రగోనె అయినా, ఏడుపెంకులాటైనా... తొండి చేసినవాడికి అక్కడికక్కడే శిక్ష. 'నువ్వు తొండి ఆడుతున్నవ్, నీతో ఆడం పో' అంటే అంతే. రెండు రోజులు గట్టుమీద కూర్చుని చూడాల్సిందే. అక్కడ అంపైరు ఉండడు కాబట్టి పిల్లలే అంపైర్లు. అబద్ధమాడేవాడు ఉంటే అసలు ఆటే సాగదని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి అదే పిల్లలు ఈల, స్కోరుబోర్డు వచ్చేసరికి ఎందుకు మారిపోతారు? నిజం చూసుకునే బాధ్యత సారుకి అప్పజెప్పేశారు కాబట్టి! 'ఆయన చూడకపోతే తప్పు మనది కాదు' అన్న లెక్క వచ్చేస్తుంది. స్నేహితుల ఒత్తిడి రెండుచోట్లా ఉంది. గోటీలాటలో అది అబద్ధమాడినవాడిని వెలేస్తుంది. టోర్నమెంటులో నిజం చెప్పినవాడిని వెలేస్తుంది. ఒత్తిడి అదే, దిక్కు మారిందంతే.

వయసుకీ తొండే!

పిల్లల్ని మాత్రం అని ఏం లాభం? వాళ్లకి దారి చూపించేది పెద్దలే. పాలమూరు అంటేనే వలస గుర్తొచ్చే నేల. ఇక్కడ ఓ స్పోర్ట్స్ సర్టిఫికెట్ అంటే గోడకి తగిలించుకునే కాగితం కాదు. రేపు స్పోర్ట్స్ కోటాలో సీటో, ఉద్యోగమో వస్తుందన్న ఆశ. ఆ ఆశతోనే కొన్నిచోట్ల పుట్టినతేదీలు మారిపోతుంటాయి. పదిహేడేళ్లవాడు పద్నాలుగేళ్ల వాళ్లతో ఆడతాడు. గెలుస్తాడు కూడా. నిజంగా పద్నాలుగేళ్లున్నవాడు బెంచీమీద మిగిలిపోతాడు, లేదా బరిలోకి దిగి దెబ్బలు తింటాడు. జట్టులో అందరికీ విషయం తెలుసు. చెబితే స్నేహం పోతుంది, జట్టు పోతుంది. అందుకే ఎవరూ చెప్పరు.

దేశమంతా ఉన్న జబ్బే ఇది. 2015లో పటౌడీ స్మారకోపన్యాసంలో రాహుల్ ద్రవిడ్ దీన్ని గట్టిగానే ప్రస్తావించాడు. కన్నవాళ్లూ కోచ్‌లే దొంగ కాగితం పుట్టిస్తుంటే చూసిన పిల్లాడు ఏం నేర్చుకుంటాడన్నది ఆయన ప్రశ్న. పిల్లల క్రికెట్లో ఎడమ మణికట్టుకి ఎక్స్‌రే తీసి, ఎముకల ఎదుగుదలనిబట్టి వయసు అంచనా వేస్తున్నారు. 2020లో క్రికెట్ బోర్డు ఓ అవకాశమిచ్చింది. తప్పుడు తేదీ ఇచ్చినవాళ్లు సెప్టెంబరు 15లోగా తమంతట తామే ఒప్పుకుంటే శిక్ష ఉండదు, దాచి దొరికిపోతే రెండేళ్ల నిషేధం అని. నిజం చెప్పడానికి భయంలేని తలుపు ఒకటి తెరిచి ఉంచడమన్నమాట. ఆ తలుపు ప్రతి బడిలోనూ ఉండాలి.

భద్రానది కుర్రాడు

ఆలంపూర్ మెట్లమీద కూర్చుంటే ఎదురుగా పారే నీళ్లలో సగం తుంగవి, సగం భద్రవి. కర్ణాటకలో ఆ భద్రానది ఒడ్డున ఉన్న భద్రావతిలోనే 1949లో పుట్టాడు గుండప్ప విశ్వనాథ్. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండ్‌తో స్వర్ణోత్సవ టెస్టు. మన కెప్టెన్ ఆయనే. ఇంగ్లండ్ ఐదు వికెట్లు పోగొట్టుకుని కష్టాల్లో ఉంది. బాబ్ టేలర్ అవుటని అంపైరు వేలెత్తాడు. స్లిప్‌లో నిలబడ్డ విశ్వనాథ్‌కి మాత్రం బంతి బ్యాటుకి తగల్లేదనిపించింది. అంపైరుతో మాట్లాడి టేలర్‌ని వెనక్కి పిలిపించాడు. ఆ టేలర్ బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించాడు. మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం.

ఆ పిలుపు ఖరీదైనదే. మంచి చేస్తే గెలుపు వస్తుందని పిల్లలకి కట్టుకథ చెప్పక్కర్లేదు. ఒక్కోసారి ఓడిపోతాం. కాకపోతే విశ్వనాథ్‌కి ఓ వీలుంది. ఆయన కెప్టెన్. ఆయన్ని జట్టులోంచి ఆఖరికి మిగిల్చేవాళ్లు లేరు. చెయ్యెత్తిన ఆ బక్కపల్చటి కుర్రాడికి ఆ వీలు లేదు. అందుకే అతని చెయ్యి ఇంకా బరువైంది.

మరి ఆ బరువు తగ్గించేదెలా? ఆట మొదలవ్వకముందే సారు అందరికీ కలిపి 'తాకితే తాకిందని చెప్పాలి, ఇది మన జట్టు పద్ధతి' అని చెబితే చాలు. అప్పుడు నిజం ఒక్కడి మొండితనం కాదు, పదిమంది మాట అవుతుంది. మొదట చెయ్యెత్తాల్సింది కెప్టెనే అయితే మరీ మంచిది. వారానికో రోజు ఈల పక్కనపెట్టి అంపైరు లేకుండా ఆడించినా ఫరవాలేదు. గోటీలాటలో ఎలా ఉండాలో వాళ్లకి ముందే తెలుసుగా! ఇక ఇంట్లో... ఓడివచ్చిన పిల్లాడు 'నాకు తాకిందని నేనే చెప్పిన' అంటే, 'పిచ్చోడా' అనకుండా అన్నంపెట్టే అమ్మ చాలు.

ఆలంపూర్ వెళ్లడానికి కర్నూలు దగ్గరి పట్టణం, పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. పిల్లల్ని తీసుకెళితే నవబ్రహ్మలతోపాటు సంగమేశ్వరాలయాన్నీ చూపించండి. ఆ గుడి ఇంత దూరం ఎలా నడిచొచ్చిందో చెప్పండి. తరవాత నది ఒడ్డున కాసేపు వాళ్లని ఆడుకోనివ్వండి. అంపైరు మాత్రం వద్దు!