రబ్బరు వానపాము

చేపలు పట్టడం మగవాళ్ళ సరదా అనుకుంటాం గానీ, తీరా చూస్తే అందులో సగం వంటపని, సగం కుట్టుపని! కిందటి వేసవిలో టెక్సాస్‌లో మా తమ్ముడింటికి వెళ్ళినప్పుడు తెలిసింది నాకీ సంగతి.

వాడు నా ముందొక డబ్బా తెరిచాడు. నిండా ఊదారంగు రబ్బరు వానపాములు! ‘‘ముట్టుకో అక్కా, కరవవు’’ అని అభయం కూడానూ. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా ఇంట్లోనే ప్లాస్టిక్ కరిగించి, అచ్చుల్లో పోసి ఇలాంటివి తయారుచేశారట. పాపం, ఆ ఇల్లాలి గిన్నెలు ఏమైపోయాయో!

ఎండలు ముదిరితే బాస్ చేప ఒడ్డు వదిలి లోతుకి దిగుతుంది. అక్కడి లేక్ ఫోర్క్ జలాశయంలో నీళ్ళడుగున పాతచెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. గాలం కొమ్మకి తగులుకోకుండా దాని మొనని వానపాము ఒంట్లోనే దాచేస్తారు. మన చెరువుగట్ల మీద సీసం పైన, గాలం కింద కదా! వీడిది తలకిందుల వ్యవహారం. సీసం అట్టడుగున, గాలం దానికి మూరెడు పైన. సీసం నేలనంటుకుని ఉంటే, వానపాము నీళ్ళలో వేలాడుతూ ఆడుతుంది.

దారం రెండుపేటలు చేసి, గాలం కంట్లో దూర్చి ముడివేశాడు. బిగించే ముందు ఉమ్మితో తడిపాడు. లేకపోతే రాపిడికి వేడెక్కి దారం బలం తగ్గుతుందట. చిన్నప్పుడు అమ్మకి సూదిలో దారం ఎక్కించిన చేతులే అవి.

‘‘ఎప్పుడొచ్చేస్తాడో కనుక్కో’’ అని అమ్మ మరీమరీ చెప్పి పంపింది. పడవలో అదే అడగబోతున్నాను. 25 అడుగుల లోతు. కళ్ళు పనికిరావు. దారాన్ని వేలికి ఆనించి కూర్చున్నాడు. ‘టక్’మని చిన్న కదలిక, అంతే, లాగేశాడు.

నా మనసు పులుసు మీదికి పోయింది. వాడేమో చేపని నీళ్ళలో వదిలేశాడు! అది మునగదే! వెల్లకిలా తేలిపోయింది. లోతునుంచి గబుక్కున పైకొస్తే లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుందట.

‘‘పైకి లాగేశాక ఊరికే పొమ్మంటే పోలేదక్కా’’ అంటూ బోలు సూదితో పొలుసు కింద గుచ్చి ఆ గాలి తీశాడు. ఒక్క తోకవిసురు, చేప మాయం.

అమ్మ అడగమన్న ప్రశ్న నా నోట్లోనే ఆగిపోయింది. ‘‘నీకు అడ్డమొస్తున్నదేమిట్రా?’’ అన్నాను మెల్లిగా.

వాడు దారం చుట్టడం ఆపేశాడు. పొద్దుగుంకేదాకా చెబుతూనే ఉన్నాడు.