తొప్పూరు కనుమ మీదుగా రేసు బండితో

మన కోయంబత్తూరు వారిలో మద్రాసు పోయేవారు చాలామంది రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి సెంట్రల్ స్టేషనులో దిగుతారు. ఊరి పేరు చెన్నై అయి యేళ్లు గడిచినా మా యింట యింకా మద్రాసే. మేము మాత్రం యేడాదికి ఒకటి రెండు పర్యాయాలు ఆ దూరమంతా రోడ్డు మీద, యెద్దుబండి పోయినంత నింపాదిగా పోవలసి వస్తున్నది. దానికి కారణం మా వెనుక కట్టుకుపోయే సరుకు. మా అన్నగారి అబ్బాయి రేసు కారు నడుపుతాడు. ఆ కారుకు దీపాలు లేవు, నంబరు పలక లేదు, పొట్టకూ నేలకూ మధ్య అరచెయ్యి పట్టదు. దాన్ని రోడ్డు మీద నడపరాదు, నడిపినా మొదటి గతుకు దాటదు. కాబట్టి ట్రెయిలరు మీద యెక్కించి, మా జీపు వెనుక తగిలించి తీసుకుపోవాలి.

ఈ పిచ్చి మా వూరికి కొత్త కాదు. లక్ష్మీ మిల్సు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ గారు 1988లో మారుతి ఇంజనుతో ఒంటి సీటు రేసు బండ్లు తయారుచేసి, డబ్బున్న నలుగురి ఆటగా వున్నదాన్ని మామూలు ఇళ్ల కుర్రవాళ్లకు అందేలా చేశారు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన 2.1 కిలోమీటర్ల ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. ఆ ట్రాకు మాకు అరగంట దూరం, అద్దె వ్యానులో కారు వేసుకుపోతే చాలు. ట్రెయిలరుతో పని పడేది ఇరుంగాట్టుకోట్టైకి పోవలసి వచ్చినప్పుడే. శ్రీపెరుంబుదూరు దాటగానే జాతీయ రహదారి పక్కన 3.7 కిలోమీటర్ల ట్రాకు వున్నది. 1990లో తెరిచారు. అంతకు ముందు మద్రాసు రేసులన్నీ షోలవరంలో, యుద్ధకాలపు విమానాల నేల మీద జరిగేవి. మా అన్నగారు అక్కడ యెండలో నిలబడి చూసిన రేసుల గురించి చెప్పడం మొదలుపెడితే భోజనాలు చల్లారిపోతాయి.

2022లో ఒక మిత్రుని దగ్గర ట్రెయిలరు యెరువు తెచ్చుకుని బయలుదేరాము. ఒకే ఇరుసు, రెండు చక్రాలు, బ్రేకులు లేవు. పోవడం బాగానే పోయాము. తిరుగు ప్రయాణంలో ధర్మపురి దాటి తొప్పూరు కనుమలో దిగుతున్నాము. ఆ దారి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ధర్మపురి వైపు నుంచి సేలం వైపు దిగేటప్పుడు వాలు కిలోమీటర్ల కొద్దీ తెగకుండా సాగుతుంది, సరుకు లారీలు బ్రేకులు వేడెక్కి అక్కడే అదుపు తప్పుతుంటాయి. అబ్బాయి బండి నడుపుతున్నాడు, మేము పక్కన, మా వదినగారూ మా ఆవిడా వెనుక కూర్చున్నారు. ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలికి ట్రెయిలరు తోక ఒకసారి యెడమకు, ఒకసారి కుడికి వూగింది. ఆగుతుందనుకున్నాము. ఆగలేదు, ప్రతి వూపూ ముందుదానికంటే పెద్దదైంది. చివరకు జీపు వెనుకభాగమే ఇటూ అటూ జారనారంభించింది.

"బ్రేకు వెయ్యనా చిన్నాన్నా?" అన్నాడు అబ్బాయి.

"వెయ్యకు, కాలు తీసెయ్, చక్రం గట్టిగా పట్టుకో" అన్నాము. ఆ ధైర్యం యెక్కడినుంచి వచ్చిందో మాకే తెలియదు. గట్టిగా బ్రేకు వేస్తే ముందు బండి ఆగుతుంది, వెనుకది ఆగదు, మడతపడి పక్కకు వచ్చి కొడుతుంది. వేగం పెంచి లాగేద్దామనుకున్నా వూపు తగ్గదు సరిగదా, మరింత హెచ్చుతుంది. కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, వేగం దానంతటది తగ్గేదాకా ఓర్చుకోవడమే మిగిలింది. అది అరనిమిషం పట్టిందో, పూర్తి నిమిషమో. పక్కకు ఆపుకుని దిగాము. మా వదినగారు దిగి, మంచినీళ్లు తాగి, వెనక్కి తిరిగి ఆ ట్రెయిలరు వంక చూసి, "అది మనకంటే ముందు ఇంటికి పోవాలని చూస్తున్నదిరా" అన్నారు. తరువాత సేలం వరకు ఒక్క మాట లేదు. ఇంటికి వచ్చాక అబ్బాయితో కాదు, మాతో చెప్పారు: సరైన ట్రెయిలరు దొరికేదాకా ఆ కారు కొట్టం గడప దాటరాదని.

లోపం యెక్కడున్నదో తెలుసుకోవడానికి మర్నాడే మాకు తోచిన పరీక్ష చేశాము. పాత యినుము కొట్టువారి కాటా తెచ్చి ట్రెయిలరు నొగ కింద పెట్టాము. నొగ అంటే ముందుకు సాగి జీపుకు తగులుకునే కడ్డీ. కారు, ట్రెయిలరు, చక్రాలు, పనిముట్లు అన్నీ కలిపి వేబ్రిడ్జి మీద 880 కిలోలున్నది. అందులో నొగ మీద పడుతున్న భారం 30 కిలోలు కూడా లేదు. మొత్తం బరువులో పదోవంతు మొదలుకొని నూటికి పదిహేను పాళ్ల దాకా నొగ మీద పడాలి. అంటే మాకు 90 కిలోలు తగ్గరాదు. మా కారుకు ఇంజను సీటు వెనుక వుంటుంది, బరువంతా వెనుక చక్రాల దగ్గరే. దానికి తోడు తిరుగు ప్రయాణంలో చేతికందిన చోట పెడదామని మాసిన చక్రాలు, జాకీ, నీళ్ల పీపా అన్నీ ట్రెయిలరు తోక మీద వేసుకున్నాము. తప్పు ట్రెయిలరుది కాదు, మాదే.

మా తాతగారుంటే యీ కాటా అక్కరలేకుండానే చెప్పేవారు. బండికి వెనుక బరువైతే కాడి పైకి లేచి యెద్దుల మెడ తాళ్లు బిగుస్తాయి, ముందు బరువైతే మెడలు వంగిపోతాయి. నొగ పట్టుకుని ఒకసారి యెత్తి చూసి, రెండు బస్తాలు ముందుకు జరపమనేవారట. ఇంజను బండ్లు వచ్చి మూడు తరాలు కాకుండానే మన ఇళ్లలో యీ యెరుక యెలా మాసిపోయిందో.

తరువాత మూడు నెలలు ట్రెయిలర్ల వేట. మొదట చూసినది ట్రాక్టరు తొట్టిలాంటిది. దానికి ఉంగరం, మేకు తగులుకోలు. పొలానికి సరే గాని రహదారి మీద ప్రతి కుదుపుకూ లొటలొటలాడుతుంది. రెండవది నాలుగు వైపులా మూసిన పెట్టె. కారుకు దుమ్ము పడదు, రాత్రి తాళం వేసుకోవచ్చు. కాని దాని బరువే కారుకు రెట్టింపు, పైగా పక్కగాలికి తెరచాపలా నిలుస్తుంది. మూడవది చక్కగా వున్నది గాని కాగితాలు లేవు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలరు కూడా ఒక వాహనమే, దానికీ రిజిస్ట్రేషను వుండాలి. ప్రమాదం జరిగిన రోజున భీమా వారు మొదట అడిగేది ఆ కాగితమే. అబ్బాయి బతిమాలినా అది వద్దన్నాము.

చివరకు నామక్కల్ దగ్గర దొరికింది. ఆ ప్రాంతమంతా లారీలతో బ్రతుకుతుంది. నామక్కల్‌లో లారీలకు బాడీలు కడతారు, తిరుచెంగోడు బోరుబావి బండ్లకు పేరు, సంగగిరిలో ఇంటికో లారీ అన్నట్లుంటుంది. మాకు సాయం వచ్చిన మేస్త్రీగారు ఇంట తెలుగు, పనిలో తమిళం, లెక్కలో ఇంగ్లీషు మాట్లాడే మనిషి. రెండు ట్రెయిలర్లు చూపారు. ఒకటి ఒంటి ఇరుసుది, పొడుగు నొగ, తేలిక, మా సందులో చేత్తో తోసి తిప్పుకోవచ్చు. రెండవది రెండిరుసులది, వెనుక జనరేటరు మోసినది, 460 కిలోల బరువు. మేస్త్రీగారు మొదటిదే చాలన్నారు, మాకూ అదే నచ్చింది. అంతలో మా వదినగారు, "రోడ్డు మీద ఒక టైరు పగిలితే దీని గతేమి నాయనా?" అని అడిగారు.

ఆయన కొంచెం ఆలోచించి, "ఒంటి ఇరుసుదైతే ఆ పక్కకు కూలబడుతుందమ్మా. రెండిరుసులదైతే పక్క చక్రం కాసేపు మోస్తుంది, బండి మెల్లగా ఆపుకోవచ్చు" అన్నారు.

బేరం ఆమె తేల్చేశారు. సందు మలుపులో దాన్ని తోయడానికి నలుగురు కావాలి, తిప్పినప్పుడు టైర్లు నేలకు రాసుకుని అరుస్తాయి. ఆ కష్టం మాది.

దానికి నెట్టుడు బ్రేకులున్నవి. వాటి పని తీరు చూస్తే ముచ్చట వేస్తుంది. ముందు బండి వేగం తగ్గగానే ట్రెయిలరు తన జోరుతో ముందుకు నెడుతుంది, ఆ నెట్టుకు నొగలోని కడ్డీ లోపలికి జారి తీగను లాగుతుంది, తీగ బ్రేకును బిగిస్తుంది. యెంత నెడితే అంత బిగింపు. తగులుకోలు వూడిపోతే లాగుకుని బ్రేకు పట్టేసే సన్నని తీగ వేరే వున్నది. నొగ కింద గొలుసులు రెండు కత్తెరలా అడ్డంగా తగిలించాలి. తగులుకోలు జారినా నొగ నేలను గుచ్చుకోకుండా ఆ కత్తెర మీద పడుతుంది. టైర్ల పట్టు కొత్తదానిలాగే కనపడ్డది. మేస్త్రీగారు టైరు పక్కన అచ్చువేసిన చివరి నాలుగంకెలు చూపారు. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. అవి తయారై తొమ్మిదేళ్లు. అరగకపోయినా రబ్బరు యెండిపోయి వుంటుందని నాలుగూ మార్పించాము. చక్రాల బేరింగులు విప్పి కొత్తగా గ్రీసు పెట్టించాము. అన్నీ కలిపి అనుకున్న ఖర్చు దాటిపోయిందని మా ఆవిడ యిప్పటికీ జ్ఞాపకం చేస్తుంటుంది.

2023లో తెల్లవారు ఝామున 5 గంటలకు బయలుదేరాము. బయలుదేరే ముందు అబ్బాయి తగులుకోలు బిగించి, నొగ కింద జాకీ పెట్టి పైకి యెత్తాడు. నొగతోపాటు జీపు వెనుకభాగం కూడా లేస్తే గుండు గట్టిగా పట్టుకున్నట్లు. లేచింది. ఈసారి నొగ మీద 110 కిలోలు. కారును చక్రాల మీదుగా నాలుగు పట్టీలతో నాలుగు మూలలకూ లాగి కట్టాము. తాళ్లు వాడలేదు, సాగుతాయి.

అవినాశిలో ఆగి పట్టీలు, చక్రాల నట్లు మళ్లీ బిగించాము. కొత్త పట్టీ మొదటి ముప్ఫై నలభై కిలోమీటర్లలో సర్దుకుని వదులవుతుంది. ఆ పేరు చెప్పి అవినాశిలింగేశ్వరుని దర్శనం కూడా అయింది. మొసలి మింగిన బాలుణ్ణి సుందరమూర్తి నాయనారు పాడి తిరిగి తెప్పించాడని చెప్పుకునే క్షేత్రమది. మా వదినగారు లోపల చాలాసేపు వున్నారు. భవాని దగ్గర కావేరి దాటాము. వంతెన అతుకుల మీద ట్రెయిలరు టకటకమన్నదే గాని తోక వూగలేదు. సంగగిరి కోట కొండ దూరాన పొగమంచులో కనపడ్డది. 1805లో ధీరన్ చిన్నమలైని ఉరితీసినది అక్కడే.

మా వేగం 60. లారీలు, బస్సులు, చివరకు కోళ్ల వ్యాన్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి. రేసు కారును యింత నెమ్మదిగా తీసుకుపోతున్నామని అబ్బాయికి చిన్నతనంగా వున్నట్లున్నది, నోరు మెదపలేదు. కృష్ణగిరి దగ్గర కాఫీకి ఆగినచోట హోటలాయన మా మాట విని తెలుగులోనే పలకరించి, ట్రెయిలరు చుట్టూ తిరిగి, యీ కారుకు తలుపులేవని అడిగాడు. లేవని చెబితే నమ్మలేదు. ఆంబూరులో బిరియానీ. వేలూరులో రాత్రి బస. మర్నాడు శ్రీపెరుంబుదూరులో రామానుజులవారి సన్నిధి చూసుకుని పదిగంటలకు ట్రాకు చేరాము. రేసు సంగతి యిక్కడ వద్దు. మావాడు గెలవలేదు, బండి విరగ్గొట్టలేదు.

తిరుగు ప్రయాణంలో ధర్మపురి దాటగానే జీపులో మాటలు ఆగిపోయాయి. చక్రాలు, జాకీ ఈసారి ట్రెయిలరు ముందుభాగంలో, కారు ముక్కు పక్కన పెట్టి కట్టాము. నీళ్లు పారబోసి ఖాళీ పీపా జీపులో వేశాము. కనుమ మొదలు కాకముందే అబ్బాయి మూడో గేరులోకి దింపాడు, వాలు హెచ్చగానే రెండుకు. ఇంజనే బండిని పట్టి వుంచింది, బ్రేకు మీద కాలు అరుదుగా పడింది. పడినప్పుడల్లా వెనుకనుంచి చిన్న నెట్టు, వెంటనే అది సర్దుకోవడం మాకు తెలుస్తూనే వున్నది. సగం దిగాక ఒక పెద్ద ట్యాంకరు మమ్మల్ని దాటింది. అందరం అద్దంలోకి చూశాము. ట్రెయిలరు ఒక్కసారి కదిలి మళ్లీ తిన్నగా నిలిచింది.

కింద తొప్పూరులో చెట్టు నీడన ఆపి, చక్రాల కుంభాల మీద చెయ్యి పెట్టి చూశాము. నాలుగూ ఒకే మోస్తరు గోరువెచ్చన. ఒకటి మాత్రమే కాలుతూ వుంటే ఆ బ్రేకు పట్టుకున్నదనో, బేరింగు పోతున్నదనో అర్థం. మా వదినగారు కూడా దిగి వచ్చి, నాలుగింటి మీదా ఒక్కొక్కటిగా తానే చెయ్యి పెట్టి చూసి, డబ్బా తెరిచి అందరికీ పులిహోర పెట్టారు.