నాన్న కారు: ఉంచాలా, మార్చాలా?



మీ ఇంట్లో ఒక పాత కారు ఉందా? నెలనెలా ఏదో ఒక ఖర్చు పెట్టిస్తుంది, అయినా వదులుకోవడానికి మనసు రాదు. అలాంటి కారు ఉంటే ఈ మాటలు మీ కోసమే. నేను బడిలో టీచరుని. తెలుగు మాత్రం గుడి తరగతుల్లో నేర్చుకున్నాను. అందుకే చిన్న వాక్యాల్లో రాస్తున్నాను. మీరూ నెమ్మదిగా చదవండి.

మా కారు టయోటా టాజ్. మన డర్బన్ పక్కనే, ప్రాస్పెక్టన్‌లో తయారైంది. 2001లో మా నాన్న కొన్నారు. నాన్న మ్యాగజీన్ బ్యారక్స్‌లో పుట్టారు. 1960లలో అక్కడి కుటుంబాలను ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కు పంపారు. అలా మా వాళ్లూ ఇక్కడికి వచ్చారు. నాన్న కార్పొరేషన్‌లో పని చేశారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బస్సులోనే తిరిగారు. రిటైరైనప్పుడు చేతికి వచ్చిన డబ్బుతో ఈ కారు కొన్నారు. అదే ఆయన మొదటి కారు, చివరి కారు కూడా.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. శనివారం మధ్యాహ్నం గుడిలో తెలుగు తరగతి ఉండేది. నాన్నే నన్ను కారులో తీసుకెళ్లేవారు. లోపలికి రమ్మంటే మాత్రం వచ్చేవారు కాదు. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. "ఈ వయసులో నాకెందుకమ్మా" అని కారులోనే కూర్చునేవారు. కానీ తరగతి అవగానే అడిగేవారు: "ఇవాళ ఏ అక్షరం చెప్పారు?"

నేను కిటికీ అద్దం మీద ఊపిరి ఊది, వేలితో ఆ అక్షరం రాసేదాన్ని. ఆయన తన వైపు అద్దం మీద రాసేవారు. అలా ఆ అద్దాల మీదే నాన్న తన పేరు రాయడం నేర్చుకున్నారు.

ఇంటికి వెళ్లేటప్పుడు మాకు ఒక నియమం ఉండేది. మొదటి రోబో దాకా తెలుగులోనే మాట్లాడాలి. అది అలవాటయ్యాక రెండో రోబో దాకా. ఒక ఏడాది గడిచేసరికి మా గేటు దాకా తెలుగే.

నాన్న 2015లో పోయారు. కారు నాకు వచ్చింది. ఇప్పుడు శనివారాలు మా వీధిలో ముగ్గురు పిల్లల్ని నేనే తరగతికి తీసుకెళ్తున్నాను.

పోయిన ఏడాది ఈ కారుకు 14,000 ర్యాండ్లు ఖర్చయ్యాయి. క్లచ్, రేడియేటరు, టైమింగ్ బెల్టు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. మా అబ్బాయి అన్నాడు: "అమ్మా, ఈ డబ్బు వాయిదాలకు కడితే వేరే కారు వస్తుంది కదా!" కాగితం తీసుకుని లెక్క వేశాను. 14,000ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 1,200 కూడా కాదు. వేరే కారుకు వాయిదా నెలకు 3,500, ఆపైన ఇన్సూరెన్సు. కాబట్టి పాత కారే చవక. నాకు సంతోషం కలిగింది. నాకు కావలసిన జవాబే వచ్చింది మరి.

తర్వాత ఒక శనివారం వాన పడుతోంది. వెనక సీట్లో పిల్లలు ముగ్గురూ ఉన్నారు. రోబో ఎర్రగా మారింది. బ్రేకు తొక్కాను. కాలు నేల దాకా దిగిపోయింది! హ్యాండ్ బ్రేకు లాగాను. ముందున్న టాక్సీకి జానెడు దూరంలో కారు ఆగింది. పిల్లలు నవ్వారు, ఆట అనుకున్నారు. నా చేతులు మాత్రం ఇంటికి వచ్చాక కూడా వణుకుతూనే ఉన్నాయి.

మెకానిక్ అంకుల్ కారును పైకెత్తి చూశారు. బ్రేకు పైపు తుప్పు పట్టి చిల్లు పడింది. ఆయన స్క్రూడ్రైవరుతో కారు అడుగు రేకును పొడిచారు. అది లోపలికి దిగిపోయింది. మనం సముద్రం పక్కన ఉన్నాం, గాలిలోనే ఉప్పు ఉంది. పైగా తలుపు రబ్బరు చిరిగి నీళ్లు కారుతుంటే రెండు వేసవుల వానలు చూస్తూ ఊరుకున్నాను. ఆ తప్పు నాదే.

"ఇంజిన్‌కు ఏమీ కాలేదు" అన్నారు అంకుల్. నాన్న ఉంటే "చింత చచ్చినా పులుపు చావలేదు" అనేవారు. అంటే చెట్టు ముసలిదైపోయినా దాని గుణం పోలేదని. కానీ పిల్లలు కూర్చునేది ఇంజిన్‌లో కాదు కదా.

అప్పుడు నాకు తెలిసింది ఇది. బెల్టు, క్లచ్ అరిగితే మార్చుకోవచ్చు. పాత కారును ఉంచుకోవడం తప్పు కాదు, చాలాసార్లు అదే చవక. కానీ ఒళ్లంతా తుప్పు పడితే మరమ్మతుకు అంతం ఉండదు. పైగా మా టాజ్‌లో ఎయిర్‌బ్యాగులు లేవు. ఖర్చు ఎంత అని అడిగే ముందు, ఆ కారులో ఎవరు ఎక్కుతారు అని అడగాలి. నేను ఆ ప్రశ్న వేసుకోలేదు.

"ఉన్నది ఉన్నట్టు 15,000కు ఇవ్వండి" అని ఒకాయన వచ్చాడు. కారు కొత్త యజమాని పేరు మీదికి మారాలంటే రోడ్‌వర్దీ సర్టిఫికెట్ కావాలి. ఈ కారుకు అది రాదు. అది లేకుండానే నడుపుకుంటానన్నాడు. ఆయన వెనక సీట్లో ఎవరి పిల్లలు కూర్చుంటారో అనిపించింది. ఇవ్వలేదు. చివరికి ఇంజిన్ అంకుల్ తీసుకున్నారు. మిగతా రేకు పాత ఇనుము యార్డుకు వెళ్లింది. ఆ రోజు నేను గేటు దగ్గర నిలబడి ఏడ్చాను. దాచడం ఎందుకు?

కారు వాడితే అరుగుతుంది. భాష వాడకపోతే అరుగుతుంది. నాన్న నాకు ఇచ్చింది కారు ఒక్కటే అనుకుని, ఆ రేకును పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో 2016 నాటి సెకండ్ హ్యాండ్ కారు ఉంది. వాయిదా కొంచెం బరువే. మొదటి శనివారం పిల్లలు ఎక్కగానే అద్దాల మీద ఊపిరి ఊదారు. చిన్నది "అ" రాసి, "ఆంటీ, తప్పా?" అని అడిగింది. తప్పు కాదు, తోక కొంచెం పొడుగైంది, అంతే.

ఈ శనివారం మీరూ ప్రయత్నించండి. గుడి నుంచి మొదటి రోబో దాకా చాలు.