ఏ కంపెనీల చేస్తుండు?

మా మేనల్లుడి సంబంధం మళ్లీ తప్పిపోయింది. పిల్లవాడికి దురలవాట్లు లేవు. కరీంనగర్ మంకమ్మతోటలో సొంత ఇల్లుంది. కట్నం మాట ఎత్తొద్దని ఇంట్లో వాడే కొట్లాడాడు. జాతకాలు కూడా కలిశాక అమ్మాయి పెద్దబాపు ఫోన్‌లో అడిగాడట: "పిలగాడు ఏ కంపెనీల చేస్తుండు?" మా అక్క ఉన్నమాట చెప్పింది. "కంపెనీ గాదన్నా, సొంతంగ వెబ్‌సైట్లు చేస్తడు. ఇంట్ల కూసోనే." ఆయన కాసేపు ఆగి, "అంటే ఇంక కొలువు దొర్కలేదన్నట్టు" అన్నాడట, ఎంతో జాలిగా.

కోపంగా అని ఉంటే ఊరుకునేవాణ్ని. ఆ జాలికే నాకు ఒళ్లు మండింది. జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో నేను చేసేదీ ఇదే పని. ఆయన లెక్కన నాకూ ఇంకా కొలువు దొరకనట్టే.

అసలు ఆ పెద్దమనిషి మావాడి సొంత సైట్ తెరిచి చూశాడా? నేను చూశాను. పేరు, ముఖం, ఫోన్ నంబరు. కింద చేసిన పనులు: ఓ రైస్ మిల్లుకు తూకం చీటీల లెక్క, పిల్లల డాక్టరుకు టోకెన్లు ఇచ్చే పేజీ, నెదర్లాండ్స్‌లో ఓ సైకిళ్ల దుకాణం. ఎవరు ఏం అడిగారు, తను ఏం కట్టిచ్చాడు, ఎక్కడ చిక్కు వచ్చింది, ఎట్లా విప్పాడు అన్నీ రాసిపెట్టాడు. మన శుభోదయం ఫొటోల్లో ఒకదానికున్న బరువు కూడా ఆ పేజీకి లేదు. సిగ్నల్ ఒక్క గీత ఉన్నా తెరుచుకుంటుంది. కంపెనీలో చేసేవాడు తన పనిని ఇట్లా విప్పి చూపగలడా? లోపల చేసింది బయట చెప్పొద్దని వాడి దగ్గర సంతకం పెట్టించుకుంటారు.

ఒకడు తన గురించి తాను పెట్టుకున్న పేజీ అంటే మనవాళ్లకు చిన్నచూపు. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన తన రెజ్యూమెను ఇంటర్నెట్‌లో పెట్టి, దాన్ని ఎవరెవరు చూసిపోతున్నారో తెలుసుకోవడానికి చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. వాటికి పర్సనల్ హోం పేజ్ టూల్స్ అని పేరు పెట్టాడు. అదే ఇవాళ్టి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష. తెలుగు వికీపీడియా ఇవాళ్టికీ దానిమీదే నడుస్తోంది. ఫేస్‌బుక్ మొదలైందీ దానితోనే. ఆ రెజ్యూమె మన పెద్దబాపు చేతికి వచ్చుంటే సంగతి అక్కడే ముగిసేది.

జర్మనీలో ఇలాంటి సొంత పేజీలకున్న మర్యాద చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మా వీధి ప్లంబర్‌కు సొంత సైట్ ఉంది, పియానో శృతి చేసే ముసలాయనకూ ఉంది. వ్యాపారం కోసం పెట్టిన సైట్ అయితే ఇంప్రెస్సుమ్ అనే పేజీ ఉండి తీరాలి. అందులో ఆసామి పేరు, చిరునామా, మెయిల్ రాయాలి. చట్టం అది. రాయకపోతే పోటీవాడి వకీలు దగ్గర్నుంచి ఉత్తరం రావచ్చు. ముందుగా తన చిరునామా ఇచ్చి, తర్వాత పని అడగడం నాకు మర్యాదగా తోస్తుంది. సొంతంగా బతికేవాణ్ని ఇక్కడ ఎవరూ జాలిగా చూడరని మా బాపుకు గొప్పగా చెప్పేవాణ్ని కూడా.

ఇల్లు మారాల్సి వచ్చేదాకా. ఇంటి యజమాని చేయి కలిపాడు, కాఫీ ఇచ్చాడు, నా సైట్ బాగుందన్నాడు. తర్వాత, "మూడు నెలల జీతం చీటీలు తెచ్చారా?" అన్నాడు. జీతం లేదు, ఇన్వాయిస్‌లున్నాయి, పన్ను కట్టిన కాగితాలున్నాయి అన్నాను. ఆయన ముఖంలోనూ అదే జాలి. పెద్దబాపు కోటు వేసుకుని ఎదురుగా కూర్చున్నట్టుంది. ఇల్లు ఓ కార్ల కంపెనీలో చేసే కుర్రాడికి పోయింది.

పైగా సొంత పని అంటే ఈ జర్మన్లకు భయపడటానికి ఏం కారణముంది? మా వాళ్లకు ఉంది. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లో కంపెనీ అంటే ముందు బొగ్గు గనుల సింగరేణి. 1920 నుంచి ఆ పేరుతోనే ఉంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లిలో కంపెనీ అని ఊరికే అన్నా దాన్నే అన్నట్టు లెక్క. క్వార్టర్, దవాఖాన, లాభాల్లో వాటా, తండ్రి పోతే కొడుక్కి కొలువు. బాయి దిగిన మనిషి పైకి రాకపోయినా ఇంట్లో పొయ్యి ఆరదన్న ధీమా.

తర్వాత గల్ఫ్ వచ్చింది. అక్కడ కంపెనీ వీసా మీద పోయినవాడికి జీతం తారీకు, పడుకోవడానికి క్యాంపు, తిరుగు టికెట్. ఆజాద్ వీసా మీద పోయినవాడు తన పని తానే వెతుక్కోవాలి. దొరికితే నాలుగు రాళ్లు ఎక్కువే, దొరక్కపోతే కాగితాలు లేని ఖల్లివెల్లి బతుకు. మా వాడకట్టులో ఒక కాక అట్లాగే పోయాడు. ఏ కంపెనీ అని అడిగితే, "ఆజాద్, మనిష్టం" అని నవ్వేవాడట. ఆయన లేకుండానే బిడ్డ పెండ్లి అయిపోయింది. ఆ పెండ్లి పందిట్లో అన్నం తిన్నవాళ్లే ఇప్పుడు పిల్లల పెండ్లిళ్లు కుదురుస్తున్నారు. వాళ్లకు సొంతంగా చేసుకుంటాడు అంటే ఆజాద్ వీసా అని వినిపిస్తే నేనేం తప్పు పట్టను?

అయినా పడతాను. సిరిసిల్ల నేతన్న వెల్ది హరిప్రసాద్ తన చేత్తో జీ20 లోగో నేసి పంపితే, 2022 నవంబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆయన పేరు చెప్పారు. జిల్లా అంతా మురిసిపోయింది. ఏ కంపెనీలో నేస్తాడని ఒక్కరూ అడగలేదు. ఎల్గందుల నుంచి కరీంనగర్‌కు వచ్చిన వెండి తీగ పని చేసేవాళ్లను ఎవరు అడిగారు? తీగతో పల్లెం అల్లితే కళ, కోడ్‌తో దుకాణం కడితే నిరుద్యోగం! 2020లో మానేరు డ్యామ్ దగ్గర ఐటీ టవర్ మొదలైనప్పుడు మా బాపు ఫోన్ చేసి, "గా టవర్లనన్న పిలగానికేమన్న దొర్కుతదేమో" అన్నాడు. అప్పటికే వాడు నెలకు ఎంత సంపాదిస్తున్నాడో ఆయనకు తెలుసు.

నా మొదటి పేజీ కరీంనగర్‌లో కోర్టు దగ్గరి ఓ ఇంటర్నెట్ కేఫ్‌లో పుట్టింది. గంట లెక్కన డబ్బులు. బొమ్మ పైనుంచి కిందికి దిగేలోపు పక్కవాడితో స్నేహం అయిపోయేది. తెలుగు టైపు చేయడం రాదు, ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, అది లేకపోతే తెర నిండా పిచ్చిగీతలు. 2006లో వీవెన్ అనే ఆయన తెలుగు టైపు చేసుకునే లేఖిని సైట్ పెట్టాకే మాబోటివాళ్లం తెలుగులో నాలుగు ముక్కలు రాయగలిగాం. ఆ మొదటి పేజీ, ఎవరైనా ఉచితంగా పేజీలు పెట్టుకోగలిగిన జియోసిటీస్‌లో ఉండేది. 2009 అక్టోబర్‌లో యాహూ దాన్ని మూసేస్తే అదీ పోయింది. ఎంత పెద్ద కంపెనీ చూరు కిందున్నా ఇంతే. ఇది పెద్దబాపుకు చెప్పాల్సిన ముక్క, ఆ రోజు ఫోన్‌లో నేను లేను.

మా మేనల్లుడి సైట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది డబ్బు రాని పని. మా అమ్మమ్మగారి ఊరు ఉట్నూరు వైపు. అక్కడి ఓ గోండు టీచరు అడిగితే గుంజాల గోండి లిపిలో అక్షరాల పాఠాలు పెట్టాడు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో రాతప్రతులు దొరికిన లిపి అది. 2018 జూన్‌లో దానికి కంప్యూటర్ లిపుల పట్టిక అయిన యూనికోడ్ 11లో చోటు దక్కింది. అదే ఏడాది ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' చూపబోయి ఐఫోన్లు కుప్పకూలాయి గుర్తుందా? యాపిల్ పరుగున మరమ్మతు పంపింది. గోండి అక్షరాలకు ఆ గొడవ కూడా లేదు. ఫాంటు లేని ఫోన్లో వట్టి డబ్బాలు కనబడతాయంతే. మావాడు నోటో అనే ఫాంటును పేజీతోపాటే పంపేలా చేశాడు. టీచరు ఫోన్లో అక్షరం అక్షరంలా కనబడింది. జీతం చీటీలో ఇదెక్కడ పడుతుంది?

వాడితో నాకున్న తగువు ఒక్కటే. గోండికి పేజీ కట్టినవాడు తన సంగతి మాత్రం ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. నీ గురించి తెలుగులో ఒక పేజీ పెట్టరా, చదవాల్సింది నెదర్లాండ్స్ వాళ్లొక్కరే కాదు అన్నాను. "ఎవరు చదువుతరు మామా?" అని నవ్వాడు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆడపిల్లలున్న పెద్దబాపులూ, మామలూ! కంపెనీ పేరు అడిగే ముందు పిల్లవాడి సైట్ తెరవండి. అందులో పనుల కింద ఉన్నవాళ్లలో ఇద్దరికి ఫోన్ చేయండి, రైస్ మిల్లు ఆయన తప్పకుండా ఎత్తుతాడు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లు కూడా అడగండి, తప్పులేదు, మావాడు దాచడు. సొంతంగా చేసుకునే పిల్లలూ, డొమైన్ మీ పేరు మీదే కొనుక్కోండి, గడువు దాటకముందే రెన్యూ చేయండి, తెలుగులో ఒక పేజీ పెట్టండి.