పాత రేడియో సెట్టు, కొత్త బ్యాటరీ, ఆగని కూత

మన పత్రికలో వంటల గురించి, పండుగల గురించి, పిల్లలకు తెలుగు నేర్పటం గురించి ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉంటారు. ఈసారి సంపాదకులు "మీ ఇంట్లో జరిగినదేదైనా వ్రాసి పంపండి" అన్నారు. గత చలికాలమంతా మా ఇంట్లో జరిగింది ఒక్కటే. బొమ్మ విమానాన్ని నడిపే రేడియో సెట్టు ఒకటి, బ్యాటరీ అయిపోతోందని మాటిమాటికీ కూత పెట్టటం, మేము ముగ్గురం ఆ కూతకు కారణం వెతకటం. ముగ్గురం అంటే ఆలుమగలం, పదిహేనేళ్ళ మా అబ్బాయి. బ్యాటరీల గోల మనకెందుకని పేజీ తిప్పేయకండి. చేతిలో రిమోటు, గోడకు గడియారం, పిల్లల చేతిలో బొమ్మకారు లేని ఇల్లు మనలో ఎవరిదీ కాదు.

ఆ సెట్టు మొదట మాది కాదు. విన్నిపెగ్‌లో మా అందరికీ బాబాయిగారైన ఒక పెద్దాయనది. 1990ల మొదట్లో కొనుక్కుని, చాలా ఏళ్ళు ఊరి బయట మైదానంలో విమానాలు ఎగరేశారు. తరువాత చూపు తగ్గింది. సెట్టు అల్మారాలోకి వెళ్ళింది, పదేళ్ళు అక్కడే ఉంది. ఆయన వృద్ధుల నివాసానికి మారుతున్నప్పుడు మా వాణ్ణి పిలిచి చేతిలో పెట్టారు. "కొత్తది వంద డాలర్లకు వస్తుందని నాకూ తెలుసురా అబ్బాయ్. దీన్ని మాత్రం చెత్తలో వెయ్యకు. పనికిరాదనుకుంటే నాకే తెచ్చి ఇచ్చెయ్" అన్నారు. ఆ మాటతో అది వట్టి సెట్టుగా మిగలలేదు.

ఆ రోజుల్లో ఇక్కడ విమానాలకు 72 మెగాహెర్ట్జ్ దగ్గర 50 ఛానెళ్ళు ఉండేవి. ఒకే ఛానెల్‌లో ఇద్దరు మీట నొక్కితే ఒకరి విమానం నేల కూలినట్టే. అందుకని మైదానంలో ఒక బల్ల పెట్టి, ఏ ఛానెల్ ఎవరి చేతిలో ఉందో తెలిసేలా క్లిప్పులు తగిలించేవారట. 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక ఆ బాధ తప్పింది. మేము బాబాయిగారి సెట్టు వెనకనున్న పాత మాడ్యూలు తీసి 2.4 మాడ్యూలు పెట్టాము. లోపల ఎనిమిది నికెల్ కాడ్మియం సెల్లుల పాత కట్ట చచ్చిపోయి ఉంది. దాని స్థానంలో ఎనిమిది నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లుల కొత్త కట్ట పెట్టాము. రెంటికీ సెల్లుకు 1.2 వోల్టులే కనుక మొత్తం 9.6 వోల్టులు, పాత లెక్కే. మీటలు, పుల్లలు, అంకెలు చూపే చిన్న తెర, అన్నీ బాబాయిగారివే.

జనవరిలో మొదటిసారి మంచు మీద విమానానికి స్కీలు తగిలించి ఎగరేశాము. సరిగ్గా ఇరవై నిమిషాలకు సెట్టు కూసింది. తెర మీద 8.9. ఆ సెట్టుకు 9.0 దిగితే కూయటం అలవాటు. విమానాన్ని దింపేశాము. రాత్రంతా ఛార్జి చేసి మళ్ళీ తెచ్చినా అంతే, ఇరవై నిమిషాలకే కూత.

ఇది చిన్న సంగతి కాదు. ఆ విమానం కిలోన్నర బరువు. ముందు ఒక పంకా, అది తిరిగితే వేలు తెగుతుంది. 2019 జూన్ 1 నుంచి ఈ దేశంలో 250 గ్రాములు దాటినదాన్ని రిజిస్టరు చేయించాలి, నడిపేవారు పరీక్ష పాసవ్వాలి, పద్నాలుగేళ్ళు నిండాలి. మా వాడు ఆ పరీక్ష పాసై, నంబరు అతికించుకుని మరీ మైదానంలో నిలబడ్డాడు. సెట్టు నిజంగా ఆగిపోతే విమానంలోని రిసీవరు ఇంజను తగ్గించి, రెక్కలను ముందే చెప్పిన స్థితిలో ఉంచుతుంది. దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. కానీ అది విమానాన్ని దింపదు, ఎక్కడ పడుతుందో ఎంచుకోదు. మైదానం పక్కన జనం స్కీలు వేసుకుని తిరుగుతూంటారు.

ఇక సలహాలకు కరువేముంది? తలా ఒకటి చెప్పారు. చలికి ఏ బ్యాటరీ అయినా ఇంతేనన్నారు ఒకరు. పాత డబ్బాకు కొత్త మాడ్యూలు పెడితే కరెంటు ఎక్కువ తాగుతుందన్నారు ఇంకొకరు. మూడు సెల్లుల లిథియం పాలిమరు కట్ట పడేస్తే కూత దానంతటదే పోతుందన్నారు మూడోవారు. నాలుగో సలహా అన్నిటికంటే సులువు. కూసే చిన్న బిళ్ళ తీగను కత్తిరించెయ్యమన్నారు!

లిథియం సలహా ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలి. ఆ కట్ట నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు. కూత నిజంగానే చాలాసేపు రాదు. కానీ సెట్టు 9.0 దగ్గర కూసేసరికి ఒక్కో సెల్లు 3.0 వోల్టులకు దిగిపోయి ఉంటుంది, అక్కడికి దిగితే ఆ రకం సెల్లు చెడిపోతుంది. పైగా పాత సెట్టులో వోల్టేజిని తగ్గించే రెగ్యులేటరు మిగిలినదాన్నంతా వేడిగా మారుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పాత ఛార్జరును మరిచిపోయి దానికి తగిలిస్తే నిప్పంటుకునే ప్రమాదం. పైపెచ్చు రోగం ఏమిటో తెలియకుండానే మందు మార్చినట్టవుతుంది.

మేము ముందు కాగితం మీద లెక్క వేశాము. మల్టీమీటరును మధ్యలో పెట్టి చూస్తే కొత్త మాడ్యూలుతో సహా సెట్టు మొత్తం తీసుకునేది 200 మిల్లీ యాంపియర్లు. కట్ట మీద 2000 మిల్లీ యాంపియర్ అవర్లని వ్రాసి ఉంది. అంటే పది గంటలు రావాలి. చలికి సగం పోయిందనుకున్నా అయిదు గంటలు. ఇరవై నిమిషాలకు చలిని తప్పుపట్టటం న్యాయం కాదు. బేస్‌మెంటులో వెచ్చగా పెట్టి చూసినా గంటన్నరకు కూసింది. దానితో మాడ్యూలు మీద నేరం కొట్టేశాము, చలి మీద కూడా చాలావరకు కొట్టేశాము.

తరువాతిది కొలత. సెట్టు ఆపి ఉన్నప్పుడు కట్ట కొసల దగ్గర 10.9. సెట్టు వేశాక అక్కడే 10.3. ఇది మామూలే, పని చేసేటప్పుడు ఏ బ్యాటరీ అయినా కొంచెం దిగుతుంది. కానీ అదే క్షణంలో తెర మీద 9.4! తెర అబద్ధం చెబుతోందేమోనని మీటరు మొనలను లోపల బోర్డు మీదే పెట్టి చూశాము. అక్కడా 9.4. అంటే తెరది నిజమే, బ్యాటరీదీ నిజమే. మధ్యలో దారిలో 0.9 వోల్టులు ఎవరో తినేస్తున్నారు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మొత్తం చిక్కు ఇందులోనే ఉంది. మనం దుకాణంలో కొనే మామూలు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులతో మొదలై మెల్లమెల్లగా, మెట్ల మీద దిగినట్టు దిగుతుంది. ఈ సెల్లును తయారుచేసిన లూయిస్ అర్రీ మన ఒంటారియోలోని పాంటీపూల్‌లో 1927లో పుట్టినవాడే. టొరాంటోలో బ్యాటరీ కంపెనీలో చేరి, 1955లో ఒహాయోలోని ప్రయోగశాలకు వెళ్ళాడు. తన సెల్లు గొప్పతనం పైవారికి చూపించటానికి రెండు బొమ్మకార్లు తెచ్చి, ఒకదానిలో పాతరకం సెల్లు, రెండోదానిలో తన సెల్లు పెట్టి భోజనశాలలో పరుగు తీయించాడట. పాతది ఆగిపోయినా ఆయన కారు అటూ ఇటూ తిరుగుతూనే ఉందిట. 1959లో ఆ సెల్లు బజారులోకి వచ్చింది. పిల్లల బొమ్మతో పెద్దల కళ్ళు తెరిపించిన మనిషని మా వాడికి ఈ కథ బాగా నచ్చింది.

మళ్ళీ ఛార్జి చేసుకునే నికెల్ సెల్లు అలా కాదు. నిండుగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ చూపి, త్వరలోనే 1.25 దగ్గరకు దిగి, అక్కడ చదునైన నేల మీద నడిచినట్టు గంటల తరబడి నడుస్తుంది. చివర్లో ఒక్కసారి గోతిలో పడినట్టు పడిపోతుంది. 9.0 వోల్టులంటే సెల్లుకు 1.12, అంటే గొయ్యి అంచు. కూత అక్కడ రావటం సబబే. కానీ దారిలో 0.9 పోతోంటే, కట్ట 9.9 దగ్గర, అంటే సెల్లు 1.24 దగ్గర ఉండగానే కూత వస్తుంది. అది చదును నేలకు మొదలు! చలిలో ఆ నేల కాస్త కిందికి జారుతుంది కనుక మైదానంలో ఇరవై నిమిషాలకు, ఇంట్లో గంటన్నరకు. అన్ని అంకెలూ ఒక వరుసలోకి వచ్చాయి.

ఇక తినేవాడెవడో పట్టుకోవాలి. దీనికి మంచి ఉపాయముంది. సెట్టు నడుస్తుండగానే మీటరును వోల్టుల మీద పెట్టి, ఒక్కో తీగకు రెండు కొసలా మొనలు ఆనించటం. మంచి తీగ అయితే సున్నాకు దగ్గరగా చూపాలి. ఎర్ర తీగ సున్నా. మీట 0.1. ప్లగ్గు 0.1. నల్ల తీగ 0.7! 200 మిల్లీ యాంపియర్లకు 0.7 వోల్టులంటే మూడున్నర ఓములు. జానెడు తీగకు అది చాలా ఎక్కువ.

మా వాడు నల్ల తీగ పైతొడుగు చీల్చాడు. లోపల రాగి రాగి రంగులో లేదు, బొగ్గులా నల్లగా, అక్కడక్కడ పచ్చటి చిలుముతో ఉంది. టంకం పెట్టబోతే అంటుకోలేదు. ఇది విమానాలవాళ్ళకు పాత పరిచయమే. పాత నికెల్ కాడ్మియం కట్ట చచ్చి ఏళ్ళ తరబడి పడి ఉంటే అందులోని క్షారం ఋణధ్రువం నుంచి నల్ల తీగ వెంట పాకుతుంది. పైకి తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది. మేము కట్టను మార్చాము, అది పోతూ పోతూ సెట్టు వైపు తీగకు తన రోగం అంటించి పోయింది. పదేళ్ళు అల్మారాలో జరిగిన పని, ఎవరి తప్పూ కాదు.

ఆ తీగను రెండు కొసలా మంచి రాగి కనబడే దాకా కోసి చూశాము. కొస కనబడలేదు కనుక మొత్తం తీసేసి కొత్తది వేశాము. ప్లగ్గు మార్చాము. మీటను ఆల్కహాలుతో కడిగి ఇరవైసార్లు అటూ ఇటూ ఆడించాము. కట్ట దగ్గర 10.3 ఉంటే బోర్డు దగ్గర 10.2 వచ్చింది. ఇంట్లో ఊరకే వేసి ఉంచితే ఎనిమిదిన్నర గంటలకు కూసింది. మైదానంలో సున్నాకు దిగువ పద్దెనిమిది డిగ్రీలలో నలభై నిమిషాలు ఎగరేసినా తెర 9.6 కిందికి దిగలేదు.

బాబాయిగారికి ఫోను చేసి చెప్పాము. అంతా విని, "కూతను కత్తిరించలేదు కదమ్మా?" అని అడిగారు. లేదన్నాము. "అది నా కళ్ళకు చెవులు. అంకె కనబడని రోజుల్లో దాన్ని విని దింపేవాణ్ణి" అన్నారు. ఆ సంగతి మాకు అప్పటిదాకా తెలియదు. మా వాడు ఫోను తీసుకుని, "తాతగారూ, ఎండలు రాగానే కారు తెస్తాము, మీరు వచ్చి పక్కన కూర్చోండి, కూత వస్తే మీరే చెప్పండి" అన్నాడు. "వస్తానురా" అన్నారు.

ఇలాంటి పాత సెట్లు మీ ఇళ్ళలో ఉంటే ముందు లోపలి పాత కట్టను తీసి చూడండి. తెల్లపొడి, పచ్చ చిలుము కనబడితే చేతికి తొడుగు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. కాడ్మియం విషం, దాన్ని చెత్తబుట్టలో కాక బ్యాటరీలు తీసుకునే డబ్బాలోనే వెయ్యాలి. నల్ల తీగను పైకి చూసి నమ్మకండి. బ్యాటరీ దగ్గర ఒక కొలత, బోర్డు దగ్గర ఒక కొలత, రెండూ సెట్టు వేసి ఉన్నప్పుడే తీసుకోండి. రెండూ ఒకటైతే బ్యాటరీని అనుమానించండి, తేడా ఉంటే దారిని వెతకండి. ఇంట్లో మీటరు లేనివారు వేసవి పిక్నిక్‌కు సెట్టు పట్టుకు రండి, మా సంచిలో ఒకటి ఎప్పుడూ ఉంటుంది.