చెట్టు కింద పడుకున్న మనిషి

పీటర్ బ్రూగెల్ 1565లో వేసిన 'కోత కోసేవాళ్ళు' అనే బొమ్మను మా డ్రాయింగ్ మిస్ క్లాసులో చూపించారు. ఆయన ఇప్పటి బెల్జియం ప్రాంతంలో ఉండేవారు. యాంట్వర్ప్ వ్యాపారి ఒకాయన ఏడాదిలో వచ్చే కాలాలన్నిటినీ తన ఇంటి కోసం బొమ్మలుగా వేయించుకున్నాడు. వాటిలో ఐదు మిగిలాయి. ఇది ఎండాకాలం బొమ్మ, ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియంలో ఉంది.

బొమ్మంతా పండిన గోధుమ చేను. ఎడమ పక్క పొడుగు పిడి కత్తులతో కోస్తున్నారు. చేని మధ్య దారిలో ఒకతను కూజాలు మోసుకొస్తున్నాడు. కుడి పక్క చెట్టు కింద కొందరు కూర్చుని రొట్టె తింటున్నారు. వాళ్ళ పక్కనే ఒకడు కాళ్ళు బార్లా చాపి నిద్రపోతున్నాడు. వాణ్ణి చూసి క్లాసంతా నవ్వింది. "సోమరిపోతు!" అన్నారెవరో.

ఆ మాట నేను ముందే విన్నాను. మా అవ్వది తిరువళ్ళూరు జిల్లాలో ఊత్తుకోట దగ్గర పల్లె. పోయిన సెలవుల్లో బస్సులో పోతుంటే చెరువు గట్టున, వేపచెట్టు కింద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పక్కన గంపలు, పారలు. "నూరు రోజుల పని అంట! చెట్టు కింద కూర్చోవడానికి గవర్నమెంటు డబ్బులిస్తా ఉంది" అన్నాడు ముందు సీటాయన. నలుగురు నవ్వారు. అలాంటి గుంపులోనే మా అవ్వ కూడా పనికి పోతుంది. కోతలకు మిషన్లు వచ్చినాక ఆమెకు నాట్లు, కలుపు, ఈ పనే మిగిలాయి. 2005లో వచ్చిన చట్టంతో మొదలైన పని ఇది. ఊరికే కూర్చుంటే కూలి రాదు, తవ్విన గుంతకు కొలత ఉంటుంది.

మన చెన్నై మెరీనాలో కూడా శ్రమ గురించి పెద్ద శిల్పం ఉంది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసింది, 1959లో పెట్టారు. నలుగురు మగవాళ్ళు కండలు బిగించి బండను కదిలిస్తుంటారు. నాకు అది ఇష్టమే. కానీ అందులో ఎవరికీ ఆకలి వేసినట్టుండదు, దాహం వేసినట్టుండదు. మధ్యాహ్నం ఎండలో ఆ బండ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది కదా! బ్రూగెల్ తిండినీ నిద్రనూ కోత బొమ్మలోనే పెట్టాడు, అదీ ముందు భాగంలో, పెద్దగా. ఆయన పొలానికి పోయి చూసే ఉంటాడు అనిపించింది.

బొమ్మను అమ్మ ఫోన్‌లో పెట్టుకుని, పండక్కి పోయినప్పుడు అవ్వకు చూపించాను. ఎవరు ఏం చేస్తున్నారో నేను చెప్పలేదు. ఫోన్ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"వీడు తెల్లారకముందే చేలోకి దిగినాడే పాపా" అంది పడుకున్నవాణ్ణి చూపించి.

"నీకెట్లా తెలుసు అవ్వా?"

"పొద్దెక్కి వచ్చినోడికి మిట్టమధ్యాన్నం అట్లా నిద్ర పట్టదు." మళ్ళీ బొమ్మలోకి వంగి, "నీళ్ళు తెచ్చేది ఒక్కడేనా? ఇంతమందికి చాలవు" అంది.