ఆపరేషన్ బల్ల దగ్గర సీసా, పాళెంలో పొట్లం

నెల్లూరులోని ఒక ఆసుపత్రి థియేటర్లో మత్తు డాక్టరు ట్రాలీ మీద సిరంజిలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద పెన్నుతో రాసిన మందు పేరు. వాటిలో బాగా చవకైన మందుల్లో ఒకటి డెక్సామెథసోన్. రెండు మిల్లీలీటర్ల చిన్న సీసా, అందులో 8 మిల్లీగ్రాముల స్టెరాయిడ్. బల్ల మీద ఉన్నావిడ రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కి వచ్చింది. ఆవిడ పూర్తిగా మత్తులోకి జారాకే ఈ మందు ఎక్కించారు. మెలకువగా ఉన్నవాళ్లకు గబుక్కున ఎక్కిస్తే మర్మాంగాల దగ్గర భరించలేని దురద, మంట పుడతాయి. అలాగని ఆపరేషన్ చివరిదాకా ఆగితే లాభం లేదు, పని మొదలుపెట్టడానికి ఈ మందు గంటో రెండు గంటలో తీసుకుంటుంది. ఇచ్చేది వాంతులు ఆపడానికి. ఆడమనిషి కావడం, పొగ తాగే అలవాటు లేకపోవడం, బస్సెక్కితే కడుపులో తిప్పే స్వభావం, ఆపరేషన్ తర్వాత ఇచ్చే మార్ఫిన్ జాతి నొప్పిమందులు, ఈ నాలుగూ వాంతులకు ముఖ్య కారణాలని 1999లో ఆప్ఫెల్ బృందం తేల్చింది. నెల్లూరు తీరపు ఆడవాళ్లలో దాదాపు అందరికీ మొదటి రెండూ వర్తిస్తాయి. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ముసలమ్మల సంగతి వేరనుకోండి. రొమ్ము తీసిన చోట కుట్లతో, చంకలో డ్రెయిన్ గొట్టంతో పడుకున్న మనిషి రాత్రంతా వాంతులు చేసుకోవడం చిన్న బాధేం కాదు.

అయినా ఆ సీసా చుట్టూ ఒక అనుమానం తిరుగుతూనే ఉంది. స్టెరాయిడ్ అంటేనే రోగనిరోధక శక్తిని అణచేది. గడ్డను కోసి తీసే వేళ కొన్ని కణాలు రక్తంలోకి జారే అవకాశం ఉంటుంది. కాపలా అవసరమైన ఆ గంటల్లోనే కాపలావాణ్ణి నిద్రపుచ్చితే జబ్బు తిరగబెట్టదా? ఈ ప్రశ్నకు బలమిచ్చిన పరిశోధన 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. స్విట్జర్లాండ్ లోని బాసెల్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ పెంచి చూస్తే, జబ్బు ముదిరేకొద్దీ ఒంట్లోని స్టెరాయిడ్ హార్మోన్లు పెరిగాయి, అవి క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకడానికి తోడ్పడ్డాయి, డెక్సామెథసోన్ ఇస్తే పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ప్రభావం తగ్గింది. అంతకుముందే, 2011లో, షికాగో పరిశోధకులు మనుషుల గడ్డలను పరీక్షించి ఇంకో చిక్కు చూపించారు. ఈస్ట్రోజన్ గ్రాహకం ఉన్న క్యాన్సర్లలో స్టెరాయిడ్ గ్రాహకం ఎక్కువుంటే ఫలితం మెరుగ్గా ఉంది, ఈస్ట్రోజన్ గ్రాహకం లేనివాటిలో అధ్వానంగా ఉంది. ఆ రెండో రకంలోకే వచ్చే ట్రిపుల్ నెగెటివ్ మన దేశంలో పాశ్చాత్య దేశాల కన్నా ఎక్కువ. కాబట్టి ఈ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం.

కానీ అనుమానం ఎంత బరువైనదో తూచాలంటే మోతాదు దగ్గరికి రావాలి. ఆపరేషన్ రోజు ఇచ్చేది ఒకే ఒక్క డోసు, 8 మిల్లీగ్రాములు. దాని ప్రభావం ఒంట్లో ఉండేది సుమారు రెండు రోజులు. అదే మనిషికి తర్వాత డోసిటాక్సెల్ కీమో పెడితే, ఒళ్లు వాచకుండా, ఎలర్జీ రాకుండా మామూలుగా డెక్సామెథసోన్ రోజుకు రెండు పూటలా 8 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులు వాడతారు. అంటే సైకిల్‌కి 48, నాలుగు సైకిళ్లకు 192 మిల్లీగ్రాములు. థియేటర్లో ఇచ్చినదానికి ఇది ఇరవై నాలుగు రెట్లు. ఎలుకల ఫలితం మనిషికి వర్తించేట్టయితే ముందు ప్రశ్నించాల్సింది ఈ రెండో లెక్కను. థియేటర్ డోసు వల్ల పుండు చీము పడుతుందేమోనన్న భయానికి మాత్రం గట్టి జవాబే వచ్చింది. 2021లో ప్రచురించిన పాడీ ట్రయల్‌లో రకరకాల ఆపరేషన్లు చేయించుకున్న 8,725 మందిని చూశారు. డెక్సామెథసోన్ తీసుకున్నవాళ్లలో 8.1 శాతానికి, తీసుకోనివాళ్లలో 9.1 శాతానికి పుండు దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చింది. వికారం, వాంతులు 53.9 శాతం నుంచి 42.2 శాతానికి దిగాయి. షుగర్ లేనివాళ్లలో రక్తంలో చక్కెర ఇబ్బందికరంగా పెరిగిన ఘటనలు 0.2 శాతం నుంచి 0.6 శాతానికి ఎక్కాయి. షుగర్ ఉన్నవాళ్లకైతే మరుసటి రోజంతా వేలు గుచ్చి చూస్తూ ఉండాల్సిందే.

ఆ ట్రయల్ క్యాన్సర్ తిరగబెట్టిందా లేదా అని చూడలేదు కదా అంటే, నిజమే, చూడలేదు. అక్కడ మనకున్నవి ఎక్కువగా పాత కేసుషీట్లు తిరగేసి చేసిన అధ్యయనాలే. వాటిని ఎంత నమ్మాలో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. రొమ్ము తీసే ఆపరేషన్లో కెటోరొలాక్ అనే నొప్పి ఇంజక్షన్ ఇచ్చినవాళ్లకు జబ్బు తక్కువగా తిరగబెట్టిందని 2010లో బెల్జియం కేసుషీట్లు చూపించాయి. చీటీలు తీసినట్టు రోగులను రెండు జట్లుగా విడగొట్టి పరీక్షిస్తే, 2019లో ఆ మేలు కనపడలేదు. వెన్ను పక్కన మొద్దుబారే మందు ఇస్తే, అంటే పారావెర్టెబ్రల్ బ్లాక్ వేస్తే మేలని 2006లో ఇలాగే ఆశపడ్డారు. రెండు వేల మందికి పైగా మహిళలతో చేసిన ట్రయల్ 2019లో లాన్సెట్‌లో వచ్చింది. ఏ మత్తు ఇచ్చినా తిరగబెట్టినవాళ్లు పది శాతమే. పాత కాగితాల్లో కనిపించే మేలు గానీ కీడు గానీ ట్రయల్ ముందు నిలబడుతుందన్న నమ్మకం లేదు.

అలాగని ఆపరేషన్ రోజు ఏం ఇచ్చినా ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. దానికి సాక్ష్యం మన దేశంలోనే, ముంబై టాటా మెమోరియల్‌లో ఉంది. రాజేంద్ర బడ్వే బృందం 2023లో ప్రచురించిన ట్రయల్‌లో, కోతకు ఏడు నుంచి పది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిడోకెయిన్ ఇంజక్షన్ చేశారు. పళ్ల డాక్టరు చిగురుకు వేస్తాడే, ఆ మందే. అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 82.6 శాతం నుంచి 86.6 శాతానికి, బతికున్నవాళ్లు 86.4 శాతం నుంచి 90.1 శాతానికి పెరిగారు. ఇదే బృందం 2011లో ఒక స్టెరాయిడ్ హార్మోన్‌నే పరీక్షించింది. ఆపరేషన్‌కు అయిదు నుంచి పద్నాలుగు రోజుల ముందు ఒక్క ప్రొజెస్టెరాన్ ఇంజక్షన్. మొత్తం వెయ్యిమందిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చంకలోని గ్రంథులకు పాకినవాళ్లను విడిగా చూస్తే మాత్రం అయిదేళ్ల ఫలితం 54.7 నుంచి 65.3 శాతానికి మెరుగైంది. మొత్తం మీద లేని తేడా ఒక జట్టులో కనపడితే తొందరపడి పండగ చేసుకోకూడదు, నిజమే. కానీ స్టెరాయిడ్ అన్న పేరు ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పలేమని అది చూపిస్తోంది. ఏ స్టెరాయిడ్, ఎంత, ఎన్నాళ్లు అన్నవే అసలు ప్రశ్నలు.

ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరకని చోటు థియేటర్ కాదని ఇందుకూరుపేట మీదుగా మైపాడు వైపు వెళ్తే అర్థమవుతుంది. రొయ్యల గుంటల మధ్య రోడ్డు, చివర సముద్రం, పక్కనే పట్టపుపాళేలు, అంటే జాలర్ల పల్లెలు. చేపల గంప నెత్తినెత్తుకుని తిరిగే ఆడవాళ్లు, వంగి నాట్లు వేసే ఆడవాళ్లు, మోకాళ్ల నొప్పి, నడుంనొప్పి లేనివాళ్లు తక్కువ. ఆ నొప్పికి తీరాన చాలా ఊళ్లలో దొరికే వైద్యం పొట్లం: స్ట్రిప్పులోంచి కత్తిరించిన నాలుగైదు రంగుల బిళ్లలు, పాత పేపరు ముక్కలో చుట్టి, పూటకొకటి. పేరుండదు, చీటీ ఉండదు. చట్టప్రకారం స్టెరాయిడ్లు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులే. అయినా ఇలాంటి పొట్లాల్లో చిన్న తెల్లబిళ్లగా డెక్సామెథసోనో, బీటామెథసోనో, ప్రెడ్నిసోలోనో ఉండటం కొత్త సంగతి కాదు. వేసుకున్న రోజే నొప్పి పోతుంది, ఆకలేస్తుంది, ముఖం నిండుగా అవుతుంది. నెలల తరబడి వాడితే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ నెల రోజులు వాడినా ఆ ప్రమాదం ఉంది. ఆపరేషన్ లాంటి దెబ్బ తగిలినప్పుడు ఒళ్లు తయారు చేసుకోవాల్సిన హార్మోన్ తయారుకాదు. బల్ల మీద బీపీ పడిపోతుంది, సెలైన్ ఎంత ఎక్కించినా లేవదు. దానికి తోడు కుట్లు ఆలస్యంగా మానతాయి, షుగర్ అదుపు తప్పుతుంది. రొమ్ము మీద చర్మం ఎర్రబడి వాచిన మనిషికి పొట్లం ఆ వాపును రవ్వంత తగ్గించినా నెల్లూరు బస్సెక్కే రోజు వాయిదా పడుతుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా రొమ్ము క్యాన్సర్ బయటపడేవాళ్లు 1.92 లక్షలు, చనిపోయేవాళ్లు 98 వేలు. ఈ నిష్పత్తికి పెద్ద కారణం ఆలస్యమే.

పాళేనికి అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఈ పొట్లం కట్టిచ్చే ఊరి వైద్యుడు, ఆర్‌ఎంపీ ఒక్కడే, అతన్ని తప్పుపట్టడం పట్నంవాళ్లకు సులువు అనే మాటలో న్యాయముంది. అతని రాకను ఆపమని నేననడం లేదు. పొట్లంలో ఏముందో ఒక ముక్క కాగితం మీద రాసివ్వమంటున్నాను. ఆసుపత్రిలో కూడా స్టెరాయిడ్ వాడారా అని అడిగితే రోగులు లేదనే చెప్తారు, ఆ పేరు వాళ్లకు తెలియదు. పొట్లం మందులు ఎన్నాళ్లు మింగావు, ముఖం ఉబ్బిందా, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు వస్తున్నాయా అని అడగాలి. అనుమానం వస్తే చెయ్యాల్సిన పని పెద్దదేం కాదు. మత్తు ఇచ్చేటప్పుడు 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇవ్వమని, అప్పటికే 6 నుంచి 8 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఇచ్చి ఉంటే 24 గంటలకు అదే చాలని 2020 నాటి బ్రిటిష్ మత్తువైద్యుల మార్గదర్శకాలు చెప్తున్నాయి. అంటే మనం అనుమానంగా చూస్తున్న ఆ సీసాయే కొందరికి, ఎవరూ అనుకోకుండా, ప్రాణం నిలబెడుతూ ఉండొచ్చు.

ఇచ్చిన స్టెరాయిడ్, మింగిన పొట్లాలు డిశ్చార్జి కాగితంలోనూ రాయమంటే, రద్దీ థియేటర్లలో ఇంకో గడి నింపే తీరిక ఎవరికుంది అంటారు డాక్టర్లు. నేను చూసిన మత్తు చార్టులో డెక్సా 8 మి.గ్రా. అనీ, ఇచ్చిన టైమూ అప్పటికే రాసి ఉన్నాయి. డిశ్చార్జి కాగితంలో యాంటీబయాటిక్ ఉంది, గ్యాస్ బిళ్ల ఉంది, డెక్సా లేదు, పాత పొట్లాల ఊసు అసలే లేదు. కీమో కోసం తిరుపతికో చెన్నై అడయార్‌కో వెళ్లే మనిషి చేతిలో ఉండేది ఆ రెండో కాగితమే. మొదటిది ఆసుపత్రి రికార్డు గదికి వెళ్తుంది.